అక్షరం పెంచితే ఊరు ఒరిగింది

సోమవారం

మెరక నుంచి పడవ వచ్చింది. ఉల్లిపాయలు రాలేదు. పంపులకి వాషర్లు రాలేదు. ఎన్నాళ్ళుగానో అడుగుతున్న దోమతెరలు కూడా రాలేదు. తెరలు అనేసరికి వాళ్ళకి ఇంకోలా వినబడిందో ఏమో, కంప్యూటర్ తెరలు పంపించారు.

ఏ రోజు చేసిన పని ఆ రోజు ఇందులో రాయాలని రూలు. పైవాళ్ళు చదువుతారట. ఇప్పటిదాకా ఎవరూ చదివిన దాఖలా లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

"కాసులమ్మా, ముందు తూకం గదిలోది బిగించు" అన్నారు చైర్మన్ వరదరాజులు గారు. సముద్రం మింగిన ఊరికి చైర్మన్ కాబోయే మనిషికి ఆ పేరు పెట్టారంటే వాళ్ళ అమ్మానాన్నలు ముందుచూపున్న మనుషులే.

తూకం గదికి కొత్త తెర మోసుకెళ్ళి బిగించాను. ఆ గది లేకపోతే తేలుపాలెం లేదు. మెరకవాళ్ళు మా ఊరి పేరు విని తేళ్ళుంటాయా అని అడుగుతారు. తేళ్ళు లేవు, తేలుతుంది, అంతే. ఊరి అడుగున పన్నెండు నీళ్ళ ట్యాంకులున్నాయి. బేసి నంబర్లవి తూర్పు వైపు, సరి నంబర్లవి పడమర వైపు. ఊరు ఏ పక్కకి దిగితే ఆ పక్క తూము తెరిచి, పంపు పెట్టి నీళ్ళు బయటికి తోడించాలి. ఆ తూములన్నీ ఒకే ఒక్క పాత డెస్క్‌టాప్ మాట వింటాయి. అది సూరప్పడు బాబాయ్ మాట వింటుంది. బాబాయ్ ఎవరి మాటా వినడు.

స్విచ్ వేశాను. ఊరి కెమెరా బొమ్మ ఎంత తేటగా వచ్చిందంటే, సత్తెమ్మ పిన్ని టిఫిన్ కొట్టు కప్పు మీద ఆరబోసిన వడియాల మధ్య తిరుగుతున్న ఈగ కనిపించింది. అక్షరాలు మాత్రం లేవు. అంటే ఉన్నాయి. చీమలబారు అనుకుని బాబాయ్ భుజం మీది తువ్వాలు తీసి దులపబోయాడు.

"ఏంటే ఇది? అక్షరాలకి జబ్బు చేసిందా?"

"చుక్క చిన్నదైంది బాబాయ్. పాత తెరలో ఒక అక్షరానికి ఎన్ని చుక్కలో ఇందులోనూ అన్నే. చుక్క చిక్కిపోతే అక్షరమూ చిక్కిపోతుంది."

"చుక్కల సంగతి ఎవడడిగాడే! మూడో తూము ఎక్కడుందో చెప్పు."

సెట్టింగ్స్‌లోకి పోయి స్కేలింగ్ మూడొందల శాతానికి పెంచాను. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. బాబాయ్ మొహం వెలిగింది. పని పూర్తి.

మంగళవారం

పని పూర్తి కాలేదు.

మధ్యాహ్నం డ్యూటీ విరజది. చురుకైన పిల్ల, కళ్ళు ఇంకా చురుకు. వస్తూనే కేకలు మొదలెట్టింది.

"అక్కా, ఇదేం తెర! సగం తెరంతా 'తూ' అనే ఉంది. 'ము' కోసం పక్కకి జరుపుకుంటూ పోవాలి. గదిలోకి అడుగు పెడితే చాలు, తెర నన్ను తూ అంటోంది."

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఏ తూము తెరవాలన్నా ప్రోగ్రాం 'అవునా, వద్దా' అని అడుగుతుంది. మూడొందల శాతంలో ఆ ప్రశ్న మాత్రమే కనబడుతోంది, జవాబు నొక్కాల్సిన బొత్తాలు తెర అంచు కిందికి దిగిపోయాయి. విరజ వంద శాతానికి తగ్గించేసి, ఆ చీమల్ని చకచకా చదువుకుంటూ డ్యూటీ చేసుకుపోయింది.

బుధవారం

పొద్దున్న బాబాయ్ వచ్చి చీమల్ని చూశాడు. మళ్ళీ మూడొందలు పెట్టించాడు. మధ్యాహ్నం విరజ వచ్చి వంద చేసింది.

ఇది వాళ్ళిద్దరి సరదా అయితే నాకేం నష్టం లేదు. కానీ స్కేలింగ్ మార్చిన ప్రతిసారీ కంప్యూటర్ని ఆపి మళ్ళీ మొదలెట్టాలి. లేకపోతే తూకం ప్రోగ్రాం మొండికేస్తుంది. అంతసేపూ ఊరి పంపులన్నీ నిలిచిపోతాయి. సముద్రం ఆగదు కదా.

సంగతి చైర్మన్ గారి దాకా వెళ్ళింది. ఆయన వచ్చి మీసం దువ్వుకుని బాబాయ్‌ని అడిగారు.

"ఏమయ్యా సూరప్పడూ, చూపు ఆనట్లేదా?"

తేలుపాలెంలో మనిషికి ఇంత బరువని లెక్క ఉంటుంది. పనిలో ఉన్నంతకాలం ఆ బరువు ఊరు మోస్తుంది. పని పోతే తర్వాతి పడవలో మెరకకి పంపిస్తారు.

"నా చూపుకేం అండీ, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు బాబాయ్, చైర్మన్ గారి వైపు కాకుండా పక్కనున్న బీరువా వైపు తిరిగి.

నేను కల్పించుకున్నాను. "రెండింటికీ మధ్యగా నూటడెబ్బై అయిదు పెడతానండీ. ఈయనకి కాస్త చిన్నది, ఈ పిల్లకి కాస్త పెద్దది. ఇద్దరూ సర్దుకుంటారు."

చైర్మన్ గారికి మధ్యేమార్గం అంటే ప్రాణం. ఎవరికీ పూర్తిగా పనికిరాని ఏర్పాటు చూస్తే ఆయనకి న్యాయం జరిగినట్టుంటుంది. పెట్టమన్నారు. పెట్టాను. బొత్తాలన్నీ కనబడుతున్నాయి. పై మూడు తూములు నొక్కి చూశాను, మూడూ తెరుచుకున్నాయి. ఇంటికి పోయి అన్నం తిన్నాను.

శుక్రవారం

సత్తెమ్మ పిన్ని దోసెలు గుండ్రంగా రావడం లేదు. పిండి పోయగానే తూర్పుకి జారి మామిడికాయ ఆకారంలో కాలుతోంది. తోక వైపు కరకరలాడుతుంది, బొజ్జ వైపు పచ్చి. నాకు బొజ్జ వచ్చింది.

"ఊరేమన్నా ఒరిగిందేమో కనుక్కోవే" అంది పిన్ని.

"పెనం ఒరిగిందేమో పిన్నీ."

"నా పెనం ఒరగదు. నేను ఒరగను. ఇంక మిగిలింది ఊరేగా!"

తూకం గదికి వెళ్ళాను. బాబాయ్ చెప్పులు విడిచి, నేల మీద పాదాలు పరిచి నిలబడి ఉన్నాడు. ట్యాంకుల్లో నీళ్ళెంతో చెప్పే మీటర్లు ఎప్పుడో తుప్పు పట్టి పోయాయి. ఇప్పుడున్నవి తెర మీద ఒక ఒరుగు ముల్లు, బాబాయ్ అరికాళ్ళు. రెండిట్లో అరికాళ్ళే నమ్మకం.

"తూర్పు దిగుతోందే కాసులూ. ఏడో తూము తోడించాను. ఇంకా దిగింది. తొమ్మిది కూడా తోడించాను. మరింత దిగింది."

ఏడూ తొమ్మిదీ తూర్పువే. నీళ్ళు తోడేస్తే తూర్పు లేవాలి గాని దిగడమేమిటి? తెర చూశాను. ఏడూ తొమ్మిదీ పచ్చగా వెలుగుతున్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆదివారం

తూర్పువీధి వాళ్ళు లెక్కకి మించి బరువు దాచుకున్నారని పడమటివీధి వాళ్ళు ఫిర్యాదు చేశారు. అరుగుల కింద ఉప్పు బస్తాలున్నాయట. తూర్పువీధి వాళ్ళు ఊరుకుంటారా? పడమటివీధి వాళ్ళే తేలికైపోయారు, బుర్రల్లో ఏమీ లేక, అని తిరగబడ్డారు. చైర్మన్ గారు తూర్పువీధి మొత్తానికి తూనిక పెట్టించారు. ఆయన ఇల్లు పడమర. అందరూ వరసలో నిలబడి కాటా ఎక్కారు. సత్తెమ్మ పిన్ని కాటా ఎక్కి, నంబరు చూసి, కాటా తప్పు అంది. దాచిన బరువైతే ఎక్కడా బయటపడలేదు.

బయటపడకపోయేసరికి అందరి చూపూ తూకం గది మీద పడింది. చైర్మన్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"నిజం చెప్పు కాసులమ్మా. ఆయనకి కనబడట్లేదు కదూ? ఏదో నొక్కబోయి ఏదో నొక్కుతున్నాడు. అంతేగా?"

"ఏమోనండీ" అన్నాను.

ఈ పుస్తకంలో రాసినవాటిలో ఇంత చిన్న మాట ఇంకోటి లేదు. చైర్మన్ గారికి అదే చాలింది. బుధవారం పడవలో బాబాయ్‌ని మెరకకి పంపాలని తీర్మానం చేశారు.

సాయంత్రం బాబాయ్ వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు. టీ ఇచ్చాను. గ్లాసు అంచు వేలితో తడిమి చూసుకుని తాగాడు.

"నాకు అక్షరాలు కనబట్టం మానేసి చాలా కాలమైందే. పాత తెరలో కూడా కనబడేవి కాదు. ఏ తూము ఎక్కడుంటదో చెయ్యికి తెలుసు. రంగు చూసి, చోటు చూసి నొక్కేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు నిజంగా నేనే తప్పు నొక్కుతున్నానేమో. నాకే నమ్మకం పోయింది."

"మెరకలో బాగుంటుంది బాబాయ్. కూరగాయలు దొరుకుతాయి" అన్నాను.

"నేల కదలదంటగా అక్కడ. ఇంక నాకు నిద్రెలా పడతదే?"

టీ సగం వదిలేసి వెళ్ళిపోయాడు. నేనూ ఆయన చేతినే అనుమానిస్తున్నానని ఆయనకి తెలుసు. అడగలేదు.

సోమవారం

నేటి నుంచి రెండు డ్యూటీలూ విరజవే. బాబాయ్‌ని గదిలోకి రానివ్వొద్దన్నారు.

విరజ కళ్ళ ముందు గద్ద కూడా చాలదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడు, తొమ్మిది, పదకొండు తోడించింది. సాయంత్రానికి తూర్పు ఇంకో అంగుళం దిగింది. వీధి చివరి మెట్టు మీదికి నీళ్ళొచ్చాయి.

"అక్కా" అంది విరజ. మామూలుగా కేకలు వేసే పిల్ల ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. "బాబాయ్ తప్పు నొక్కలేదు. నేను నొక్కినా అంతే అవుతోంది."

తెల్లారగానే ఊరి అడుగుకి దిగి చూడాలని టార్చి వెతికి పెట్టుకున్నాను.

మంగళవారం

పొద్దున్నే టార్చి పట్టుకుని ఊరి అడుగుకి దిగాను. అక్కడ తుప్పు కంపు, పీతలు, ఇంజనాయిలు. పన్నెండు తూములూ వరసగా ఉంటాయి. పైన విరజ, కింద నేను, మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక ఇనుప గొట్టం.

"ఏడు నొక్కుతున్నా!" అని గొట్టంలోంచి వినబడింది.

ఏడో తూము ముందు నిలబడ్డాను. కదల్లేదు. నా వెనక, పడమర వైపు, ఎనిమిదో తూము గురగురమంటూ తెరుచుకుంది.

"మళ్ళీ నొక్కు!"

మళ్ళీ ఎనిమిదే.

పైకి పరిగెత్తాను. పాత ప్రోగ్రాంకి మన స్కేలింగ్ సగమే అర్థమైంది. బొమ్మని నూటడెబ్బై అయిదు శాతానికి పెంచి గీస్తోంది. వేలు ఎక్కడ పడిందో చూసుకునేటప్పుడు మాత్రం నూటయాభై అనుకుంటోంది. వరస కిందికి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది. పై మూడు వరసల్లో ఆ తేడా తెలియదు. నేను నొక్కి చూసింది ఆ మూడే. ఆరు దాటాక నొక్కింది ఏడైతే తెరుచుకునేది ఎనిమిది, వెలిగేది మాత్రం ఏడే. తూర్పు నీళ్ళు తోడుతున్నామనుకుని ఇన్నాళ్ళూ పడమర నీళ్ళు తోడేశాం. పడమర తేలికై లేచింది, తూర్పు మునుగుతోంది.

"వంద శాతం పెడితే సరిపోతుందా అక్కా?"

"సరిపోతుంది. కానీ కంప్యూటర్ ఆపాలి."

అప్పుడే కిటికీ తలుపు దానంతటదే తెరుచుకుని గోడకి కొట్టుకుంది. వాయుగుండం మనవైపు రాదని పొద్దున్న రేడియోలో చెప్పారు. రాదని చెప్పినవన్నీ మాకే వస్తాయి. తూర్పు నుంచి గాలి, గాలితో పాటు అలలు. వీధి చివరి ఇళ్ళలోకి నీళ్ళు పోతున్నాయని ఎవరో అరుస్తున్నారు.

పంపులు నడుస్తూ ఉంటే ఊరు నిదానంగా మునుగుతుంది, ఎందుకంటే అవి తప్పుడు నీళ్ళు తోడుతున్నాయి. పక్క నంబరు నొక్కి చూద్దామంటే ఏది తెరుచుకుందో ప్రతిసారీ కిందికి దిగి చూడాలి, అంత టైము లేదు. పంపులు ఆపేస్తే అలలతో లోపలికొచ్చే నీళ్ళు తోడే దిక్కుండదు, ఆ కాసేపట్లో ఏ పెద్ద అల వచ్చినా తూర్పువీధి గల్లంతవుతుంది. ఏం చెయ్యాలో తెలియక నేను చేసిన పని, బాబాయ్ ఇంటికి పరిగెత్తడం.

పెట్టె సర్దుకుని దాని మీదే కూర్చుని ఉన్నాడు. అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. తప్పు నా లెక్కదనీ, ఆయన చేతిది కాదనీ చెప్పాను. ఆయన తిట్టలేదు. కొట్టినా పడేదాన్ని.

"కంప్యూటర్ ఆపితే మళ్ళీ లేవడానికి ఎంతసేపు పడతదే?"

"అన్నం వార్చేంత సేపు."

"ఈలోగా పడమర బరువు కావాలి. అంతేగా?" పాదాలు నేలకి ఆన్చి ఒక క్షణం ఆగాడు. "ఊళ్ళో అంత బరువు ఎక్కడుందే? మనుషులే ఉన్నారు."

చైర్మన్ గారి ఆఫీసులో మైకు ఉంది. ఆయన ఆఫీసు గదికి తాళం వేసి, ఇంట్లో కుర్చీ కాళ్ళకి తాళ్ళు కట్టిస్తున్నారు. తాళంచెవి అడగడానికి టైము లేదు. తలుపుని భుజంతో గుద్దాను. మా అమ్మ నాకు పెట్టిన తిండి ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

"తూర్పువీధి వాళ్ళకీ, మధ్యవీధి వాళ్ళకీ! నేను తెరల కాసులమ్మని. ఉన్నవాళ్ళు ఉన్నట్టు పడమరకి నడవండి! చైర్మన్ గారి ఇంటి దగ్గరికి రండి! బరువున్నవి ఏవైనా మోసుకురండి. రోళ్ళు, బిందెలు, మేకలు, అన్నీ! పడమటివీధి వాళ్ళు తలుపులు తియ్యండి. తియ్యకపోతే వాళ్ళే తీసుకుంటారు!"

మొదట ఎవరూ కదల్లేదు. ఆదివారం తిట్టుకున్న నోళ్ళు అవి. అప్పుడు సత్తెమ్మ పిన్ని నెత్తిన దోసె పెనం, చంకలో పిండి గిన్నెతో బయల్దేరింది. "నా బరువు ఎక్కువన్నారుగా, రండి, ఇప్పుడు చూపిస్తా!" అని అరిచింది. ఆమె వెనక ముసలివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, వలలు మోస్తున్న మగవాళ్ళు, రుబ్బురోలుని దొర్లించుకుంటూ ఇద్దరు అన్నదమ్ములు. వానలో ఊరంతా ఎత్తు ఎక్కుతోంది. పడమటివీధి తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. చైర్మన్ గారి వరండా నిండింది, హాలు నిండింది. ఆయన మంచం మీద నాలుగు మేకలూ ఒక బాలింతరాలూ కనబడ్డారు.

"ఎవరడిగి రమ్మన్నారు?" అంటున్నారు ఆయన.

"మీరు కూడా ఆ మూలకి జరగండి, బరువు పడమరకి రావాలి" అంది ఎవరో ఆవిడ. ఆయన జరిగారు.

తూకం గదిలో బాబాయ్ చెప్పులు విడిచి నిలబడ్డాడు. విరజ చెయ్యి బొత్తం మీద ఉంది.

"ఇంకా కాదు... ఇంకా జనం రావాలి..." ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేల మెల్లగా, చాలా మెల్లగా, పడమరకి తూగింది. "ఆపు!"

విరజ ఆపింది. ఊరి అడుగున పంపుల మోత ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు అది. లేకపోయేసరికి గాలి చప్పుడు రెండింతలైంది. ఒక పెద్ద అల వచ్చింది. గది మొత్తం తూర్పుకి వంగి, బీరువా జారి నా మోకాలికి కొట్టుకుంది. పడమర నుంచి ఊరంతా ఒక్కసారిగా అరిచిన అరుపు వినబడింది. వంగిన గది అక్కడే ఆగి, ఆలోచించుకుని, వెనక్కి వచ్చింది.

తెర వెలిగింది. వంద శాతం. చీమలు.

"చదువు పిల్లా!" అన్నాడు బాబాయ్.

"పై నుంచి ఒకటి, రెండు, మూడు..."

"ఏడు తెరువు. అరికాళ్ళు చెప్పేదాకా మూయకు."

"ఏడు. అవును నొక్కాను."

ఈసారి మోత తూర్పు నుంచి వచ్చింది. ముగ్గురం విన్నాం. తర్వాత తొమ్మిది, పదకొండు. విరజ చదువుతూ పోయింది, ఆయన పాదాలతో వింటూ పోయాడు. సాయంత్రానికి తూర్పువీధి మెట్టు నీళ్ళలోంచి బయటపడింది. నాలుగు ఇళ్ళ గోడలు పోయాయి. మనుషులెవరూ పోలేదు.

బుధవారం

పడవ రాలేదు. వచ్చినా బాబాయ్ ఎక్కేవాడు కాదు. తీర్మానం రద్దు చేశామని చైర్మన్ గారు మైకులో చెప్పారు. ఆ తీర్మానం ఎవరు చేశారో చెప్పలేదు. ఆయన ఇంట్లోంచి తూర్పువీధి వాళ్ళు ఇంకా పూర్తిగా కదల్లేదు. సత్తెమ్మ పిన్ని ఆయన వరండాలోనే పొయ్యి పెట్టింది, అక్కడ నేల చదునుగా ఉందట.

పాత ప్రోగ్రాంకి స్కేలింగ్ సంగతి నేర్పడం నా వల్ల కాదని మెరకకి రాసి పంపాను. వేరే మనిషిని పంపమన్నాను. తెర పంపొద్దన్నాను. అప్పటిదాకా వంద శాతమే. తూకం గదిలో ఇప్పుడు రెండు కుర్చీలు.

శనివారం

కళ్ళ డాక్టరమ్మ పడవ వచ్చింది. బాబాయ్‌ని నేనూ విరజా చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళాం. అద్దాలు పెట్టుకుంటే ఇంక భయం లేదని డాక్టరమ్మే చెప్పింది. ఆయన రెండు చేతులతో అద్దాల్ని ముక్కు మీద సర్దుకుని చుట్టూ చూశాడు. సముద్రాన్ని చూశాడు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత విరజ వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయెవరే?"

"నేనే బాబాయ్, విరజని."

"నువ్వా! గొంతు విని ఇంత లావుంటావనుకున్నానే!" రెండు చేతులూ చాపి చూపించాడు. అది ఆయన చెయ్యి మీద ఒక్కటి వేసింది.

ఆయన ఇంకా నవ్వుతూనే నా వైపు తిరిగి, నవ్వు ఆపేశాడు. దగ్గరికొచ్చి నా పాపిట దగ్గర వేలు పెట్టి చూశాడు.

"కాసులూ, ఇదేంటే? నీకు తల నెరిసిందా? ఎప్పుడు నెరిసింది?"

చాలా ఏళ్ళయింది. ఆ మాట చెప్పబోయి ఆయన మొహం చూశాను.

"ఈ వారమే బాబాయ్" అన్నాను. "నీవల్లే."